సెల్యూట్ చేయని పిల్లలు, యుద్ధంలో ఉన్న దేశం

1940 జూన్ 3. ఫ్రాన్స్ తీరంలోని డన్‌కర్క్ నుంచి మిత్రరాజ్యాల సైనికులు అందిన ఓడ ఎక్కి ప్రాణాలు దక్కించుకుంటున్నారు. పారిస్‌లోకి జర్మన్ సేనలు అడుగుపెట్టడానికి ఇంకా 11 రోజులే ఉంది. సరిగ్గా ఆ రోజునే వాషింగ్టన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఇద్దరు బడిపిల్లల కేసులో తీర్పు చెప్పింది. జెండాకు సెల్యూట్ చేయని పిల్లలను బడి నుంచి తీసేయవచ్చా అన్నది ప్రశ్న. తీసేయవచ్చని తొమ్మిది మందిలో ఎనిమిది మంది న్యాయమూర్తులు తేల్చారు. మూడేళ్లు తిరిగేసరికి, ఆ దేశం స్వయంగా యుద్ధంలో నిండా మునిగి ఉన్నప్పుడు, అదే కోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

యుద్ధం ముగిశాక హక్కులను తిరిగి గుర్తుచేసుకోవడం ప్రభుత్వాలకు, కోర్టులకు అలవాటే. యుద్ధం నడుస్తుండగా గుర్తుచేసుకోవడం అరుదు. మత విశ్వాసం, రాజ్యాంగ పాలన, జాతీయ ఐక్యత ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు ఏం జరుగుతుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అయితే ఈ కథకు చీకటి కోణం ఒకటి ఉంది. దాని గురించి కొంచెం సేపటి తర్వాత.

పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ బొగ్గు గనుల ఊరు. 1935 అక్టోబరులో ఒక ఉదయం అక్కడి బడిలో ఐదో తరగతి చదివే పదేళ్ల విలియం గోబిటాస్ జెండా వందనం వేళ చెయ్యి ఎత్తలేదు. మర్నాడు అక్క లిలియన్ కూడా ఎత్తలేదు. ఆమెకు పన్నెండేళ్లు. వాళ్ల కుటుంబం యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందినది. దేవుణ్ని తప్ప మరే రూపాన్నీ పూజించరాదు, దానికి సాగిలపడరాదు అన్న బైబిలు నిర్గమకాండంలోని ఆజ్ఞ జెండాకూ వర్తిస్తుందని ఆ శాఖ నమ్మకం. ఈ నమ్మకానికి అప్పట్లో ఇంకో నేపథ్యం ఉంది. జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లోనే యెహోవా సాక్షులపై నిషేధం పడింది. చెయ్యి చాచి ‘హైల్ హిట్లర్’ అనడానికి నిరాకరించినందుకు ఉద్యోగాలు పోయాయి, తర్వాత నిర్బంధ శిబిరాలు ఎదురయ్యాయి. అక్కడ వాళ్ల చొక్కాల మీద ఊదారంగు త్రికోణం కుట్టేవారు. ఆ వార్తలు వింటున్న అమెరికా సాక్షులకు తమ బడుల్లోని సెల్యూట్ కూడా కొత్తగా కనిపించింది.

కనిపించకుండా ఎలా ఉంటుంది? అప్పటి అమెరికా బడుల్లో జెండా వందనం అంటే ఇప్పటిలా గుండె మీద చెయ్యి పెట్టుకోవడం కాదు. కుడిచేతిని తిన్నగా జెండా వైపు చాచి ప్రతిజ్ఞ చెప్పాలి. 1892లో ఆ ప్రతిజ్ఞ పుట్టినప్పటి నుంచి వస్తున్న పద్ధతి అది. నాటి ఫోటోల్లో వరుసగా నిలబడి చేతులు చాచిన చిన్నపిల్లలను చూస్తే, వెనుక ఉన్న జెండా ఏ దేశానిదో వెతుక్కోవాల్సి వస్తుంది. ఇది నాజీ సెల్యూట్‌లా ఉందని తల్లిదండ్రుల సంఘాలు, స్కౌట్లు, రెడ్‌క్రాస్ కూడా అభ్యంతరం చెప్పాయి. వాళ్ల మాట మన్నించి కొన్ని చోట్ల చెయ్యి పెట్టే తీరు కాస్త మార్చారు. యెహోవా సాక్షులకు మాత్రం ఏ సడలింపూ ఇవ్వలేదు.

విలియం 1935 నవంబరు 5న స్కూలు బోర్డుకు సొంత దస్తూరీతో ఒక ఉత్తరం రాశాడు. ఇప్పుడది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంది. దేశం మీద ప్రేమ లేక కాదు, దేశాన్ని ప్రేమిస్తాను, దేవుణ్ని అంతకన్నా ఎక్కువ ప్రేమిస్తాను, ఆయన ఆజ్ఞ పాటించాలి అన్నది దాని సారాంశం. మర్నాడే బోర్డు పిల్లలిద్దరినీ బహిష్కరించింది. తండ్రికి ఊళ్లో కిరాణా దుకాణం ఉండేది. దాన్ని జనం వెలివేస్తామన్నారు. కింది కోర్టులు రెండూ పిల్లల పక్షానే నిలిచాయి. మొదటి తీర్పు రాసిన జడ్జి ఆల్బర్ట్ మారిస్ క్వేకర్ అనే మరో క్రైస్తవ శాఖకు చెందినవాడు. స్కూలు బోర్డు పట్టు వదలకుండా సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు దాఖలాల్లో ఎక్కడో జరిగిన అక్షరదోషం వల్ల గోబిటాస్ కాస్తా గోబిటిస్‌గా మారి, చరిత్రలో అలాగే నిలిచిపోయింది.

మెజారిటీ తీర్పు రాసింది ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్. వియన్నాలో పుట్టిన యూదుడు, చిన్నతనంలో ఓడ దిగి అమెరికా వచ్చినవాడు. పౌరహక్కుల కోసం పోరాడిన ఘనమైన చరిత్ర ఆయనది. అలాంటివాడు ఇలా రాశాడేమిటని అప్పుడూ ఇప్పుడూ ఆశ్చర్యపోయేవారు ఉన్నారు. ఆయన వాదనను తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. ‘జాతీయ ఐక్యతే జాతీయ భద్రతకు పునాది’ అన్నది ఆ తీర్పులో అందరికీ గుర్తుండిపోయిన వాక్యం. కానీ దాని వెనుక ఉన్న అసలు తర్కం కోర్టుల పరిమితి గురించి. ఎన్నో మతాలు, ఎన్నో భాషలు కలిసిన దేశంలో పిల్లలకు దేశభక్తి ఎలా నేర్పాలో స్కూలు బోర్డులు, చట్టసభలు తేల్చాలి. జడ్జీలు దేశం మొత్తానికి స్కూలు బోర్డుగా కూర్చోకూడదు. చట్టం తెలివితక్కువదైతే జనంలోకి వెళ్లి వాదించి మార్పించుకోవాలి. వలస వచ్చిన పిల్లవాణ్ని పౌరుడిగా మలిచింది ప్రభుత్వ బడేనని ఆయనకు స్వానుభవం. యూరప్ కళ్లముందే కూలిపోతోంది. తీర్పుకు వారం ముందు తోటి న్యాయమూర్తి హార్లన్ స్టోన్‌ను ఒప్పించడానికి ఆయన సుదీర్ఘమైన లేఖ కూడా రాశాడు.

స్టోన్ ఒప్పుకోలేదు. ఒంటరిగా భిన్న తీర్పు రాసి, దాన్ని కోర్టు హాలులో స్వయంగా చదివాడు. ఆయన ప్రశ్న సూటిగా ఉంటుంది. జనాన్ని ఒప్పించుకోమని సలహా ఇవ్వడం మెజారిటీకి బాగానే ఉంటుంది. ఊరంతా అసహ్యించుకునే గుప్పెడు మంది ఎవరిని ఒప్పిస్తారు? ఓట్లతో గెలవలేని వాళ్ల కోసమే హక్కుల పత్రం రాసుకున్నాం కదా?

స్టోన్ భయపడినదానికంటే వేగంగా జవాబు వచ్చింది, వీధుల్లోంచి. తీర్పు వెలువడిన వారంలోపే మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో సాక్షుల ప్రార్థనా మందిరం తగలబడింది. ఇల్లినాయిలోని లిచ్‌ఫీల్డ్‌లో దాదాపు ఊరంతా కలిసి అరవై మంది సాక్షుల మీద పడింది. జూన్ 29న వెస్ట్ వర్జీనియాలోని రిచ్‌వుడ్‌లో జరిగింది వీటన్నిటికంటే నీచం. అక్కడి డిప్యూటీ షెరీఫే ముందుండి, పట్టుబడిన సాక్షుల చేత ఆముదం తాగించి, తాళ్లతో ఒకరికొకరిని కట్టి, జెండా ముందుకు నడిపించాడు. అతనికి తర్వాత ఫెడరల్ కోర్టులో శిక్ష పడింది. అమెరికన్ పౌరహక్కుల సంఘం లెక్క ప్రకారం ఆ కొద్ది నెలల్లో 44 రాష్ట్రాల్లోని 335 ఊళ్లలో దాదాపు 1,500 మంది మూక దాడులకు గురయ్యారు. దక్షిణాదిలో ఒక షెరీఫ్‌ను విలేఖరి కారణం అడిగితే, వాళ్లు దేశద్రోహులు, సుప్రీంకోర్టే చెప్పింది, వినలేదా అన్నాడట.

సుప్రీంకోర్టు ఆ మాట ఎక్కడా అనలేదు. ఫ్రాంక్‌ఫర్టర్ తీర్పును అక్షరం అక్షరం చదివినా ఎవరినీ ద్రోహులనడం కనిపించదు. కానీ ఐక్యతకు కొలబద్దగా ఒక భంగిమను రాజ్యం ఎంచుకున్నాక, ఆ భంగిమ పట్టనివాడు శత్రువని తేల్చడానికి గుంపుకు లా పుస్తకం అక్కర్లేదు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ శాంతించమని కోరింది. సొలిసిటర్ జనరల్ ఫ్రాన్సిస్ బిడిల్ రేడియోలో ఈ దాడులను ఖండించాడు. ఐక్యత కోసం ఇచ్చిన తీర్పు వందల ఊళ్లను రెండుగా చీల్చిందని ప్రభుత్వ పెద్దలకు అర్థమవుతూనే ఉంది.

కోర్టుకూ అర్థమైంది. ఇక్కడో ముచ్చట ప్రచారంలో ఉంది, ఫ్రాంక్‌ఫర్టర్ స్వయంగా రాసిపెట్టుకున్నదే. సెలవుల తర్వాత తోటి న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆయనతో, హ్యూగో బ్లాక్ ఇప్పుడైతే మీతో ఏకీభవించడు అన్నాడు. హ్యూగో సెలవుల్లో రాజ్యాంగం మళ్లీ చదివాడా అని ఫ్రాంక్‌ఫర్టర్ అడిగాడు. లేదు, పేపర్లు చదివాడు అన్నాడు డగ్లస్. ఎకసెక్కంగా చెప్పిన మాటే అయినా, రాజ్యాంగ న్యాయం నిజంగా ఎలా నడుస్తుందో ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కష్టం. 1942లో మరో కేసులో బ్లాక్, డగ్లస్, మర్ఫీ ముగ్గురూ తాము 1940లో తప్పు చేశామని బహిరంగంగా రాశారు. న్యాయమూర్తులు అడగకుండానే ఇలా ఒప్పుకోవడం చాలా అరుదు.

ఈలోగా 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. నెల తిరిగిన వెంటనే, 1942 జనవరి 9న, వెస్ట్ వర్జీనియా విద్యా బోర్డు రాష్ట్రమంతటా సెల్యూట్ తప్పనిసరి చేసింది. తీర్మానంలో ఫ్రాంక్‌ఫర్టర్ వాక్యాలనే ఎత్తి రాసుకుంది. సెల్యూట్ చేయని పిల్లలను బడి నుంచి పంపేస్తారు. పంపేశాక ‘అక్రమంగా గైర్హాజరు’ అయ్యారని లెక్కగడతారు. ఆ గైర్హాజరీకి తల్లిదండ్రులకు 50 డాలర్ల దాకా జరిమానా, 30 రోజుల దాకా జైలు. బడికి రానివ్వకపోవడమూ వాళ్లే, రాలేదని శిక్షించడమూ వాళ్లే. చార్లెస్టన్ పట్టణం దగ్గరి చిన్న బడిలో చదివే బార్నెట్ అక్కాచెల్లెళ్లు ఇలా ఇంటికి వచ్చారు. ఈ కుటుంబం పేరూ కోర్టు కాగితాల్లో తప్పుగానే పడింది.

విచిత్రం ఏమిటంటే, చెయ్యి ఎత్తని ఈ పిల్లలు మౌన ద్రోహులేమీ కాదు. సాక్షులు ప్రత్యామ్నాయంగా ఒక ప్రతిజ్ఞ ఇస్తామన్నారు. తమ భక్తి యెహోవాకే అంకితమని, అమెరికా జెండాను స్వేచ్ఛకు, న్యాయానికి చిహ్నంగా గౌరవిస్తామని, దైవాజ్ఞకు విరుద్ధం కాని దేశ చట్టాలన్నిటికీ లోబడతామని అందులో ఉంది. చాలామంది దేశభక్తులు చెప్పే దానికన్నా ఎక్కువే అది. బోర్డు ఒప్పుకోలేదు. అంటే వాళ్లకు కావలసింది గౌరవం కాదు, తాము చెప్పిన మాట, తాము చెప్పిన భంగిమలో.

1943 జూన్ 14న తీర్పు వచ్చింది. అమెరికాలో అది జెండా దినం. ఆరుగురు పిల్లల పక్షం, ముగ్గురు వ్యతిరేకం. 1940లో ఒంటరిగా నిలిచిన స్టోన్ అప్పటికి ప్రధాన న్యాయమూర్తి. మనసు మార్చుకున్న ముగ్గురు, కొత్తగా వచ్చిన రాబర్ట్ జాక్సన్, వైలీ రట్లెజ్ ఆయనతో కలిశారు. తీర్పు రాసింది జాక్సన్. రాజకీయాల్లో, జాతీయతలో, మతంలో ఏది సరైన అభిప్రాయమో చిన్న అధికారి గానీ పెద్ద అధికారి గానీ నిర్దేశించలేడని, ఆ విశ్వాసాన్ని మాటతో గానీ చేతతో గానీ ఒప్పుకోమని పౌరులను బలవంతపెట్టలేడని, రాజ్యాంగ ఆకాశంలో కదలని నక్షత్రమంటూ ఉంటే అది ఇదేనని ఆయన రాశాడు. బలవంతంగా అందరినీ ఒక్కటి చేస్తే మిగిలేది శ్మశానంలోని ఏకాభిప్రాయం అన్న మాటా అందులోదే. ఐరోపాలో ఏం జరుగుతోందో తెలిసిన పాఠకుడికి అది అలంకారంగా అనిపించి ఉండదు. యుద్ధం ముగిశాక న్యూరెంబర్గ్‌లో నాజీ నేతల మీద అమెరికా తరఫు ప్రధాన ప్రాసిక్యూటర్ ఈ జాక్సనే.

ఈ తీర్పులో చాలామంది గమనించకుండా దాటిపోయే మలుపు ఒకటుంది. జాక్సన్ పిల్లలను మత స్వేచ్ఛ కింద గెలిపించలేదు. వాక్ స్వాతంత్ర్యం కింద గెలిపించాడు. తేడా చిన్నది కాదు. మత స్వేచ్ఛే ఆధారమైతే ఆ మినహాయింపు యెహోవా సాక్షులకు మాత్రమే. ఏది నిజమైన మతం, ఏది నిజమైన నమ్మకం అని కోర్టులు తూకం వేస్తూ కూర్చోవాలి. మనసులో లేని మాట పలికించే అధికారం అసలు ప్రభుత్వానికే లేదంటే, దేవుణ్ని నమ్మేవాడికీ నమ్మనివాడికీ ఒకే గొడుగు. ప్రశ్న ‘ఈ పిల్లలకు మినహాయింపు ఇవ్వాలా’ అన్న చోటు నుంచి ‘ఈ ఆజ్ఞ వేసే హక్కు ఎవరిచ్చారు’ అన్న చోటికి జరిగింది. బ్లాక్, డగ్లస్ విడిగా రాసిన దానిలో, బలవంతం కింద పలికిన మాటలు స్వప్రయోజనానికే తప్ప మరి దేనికీ విధేయతను రుజువు చేయవన్నారు.

దీని అర్థం అంతరాత్మ పేరు చెబితే దేనినుంచైనా తప్పుకోవచ్చని కాదు. ఆ యుద్ధంలో సైనిక సేవను నిరాకరించి అమెరికాలో జైలుకు వెళ్లిన సుమారు 6,000 మందిలో నాలుగింట మూడు వంతులు యెహోవా సాక్షులే. వాళ్లను విడిపించమని ఈ తీర్పు చెప్పలేదు. యుద్ధానికి మనుషులు కావాలి, వాళ్లను చట్టప్రకారం అడగవచ్చు. గెలవడానికి మూడో తరగతి పిల్ల చెయ్యి ఏ కోణంలో ఉండాలన్నది యుద్ధావసరం కాదు. రెండింటినీ వేరు చేయడమే కోర్టు చేసిన పని.

ఫ్రాంక్‌ఫర్టర్ మాత్రం కదల్లేదు. చరిత్రలో అత్యంత పీడనకు గురైన అల్పసంఖ్యాకుల్లో ఒకడినైన తాను స్వేచ్ఛ విలువ తెలియనివాణ్ని కానంటూ మొదలుపెట్టి, అయినా జడ్జి తన మనసుకు నచ్చింది రాజ్యాంగంలోకి చదవకూడదని రాశాడు. ఓడిపోయిన వాదనే. కానీ దానికి బలం లేదనుకుంటే పొరపాటు. ఆ బలం వారం రోజుల్లోనే, ఎవరూ కోరుకోని రీతిలో బయటపడింది.

1943 జూన్ 21. అదే కోర్టు, అదే తొమ్మిది మంది. ఈసారి కేసు గోర్డన్ హిరబయాషిది. సియాటిల్‌లో పుట్టిన అమెరికా పౌరుడు, విశ్వవిద్యాలయ విద్యార్థి, తల్లిదండ్రులు జపాన్ నుంచి వచ్చినవారు. పశ్చిమ తీరంలో జపాన్ మూలాలున్న వాళ్లంతా రాత్రి ఎనిమిది గంటలకల్లా ఇళ్లలో ఉండాలన్న సైనిక ఆజ్ఞను ఉద్దేశపూర్వకంగా ధిక్కరించాడు. అతను కూడా క్వేకరే. తన ధిక్కారానికి మూలం రాజ్యాంగమూ, తన మత విశ్వాసమూ రెండూ అన్నాడు. కోర్టు ఏకగ్రీవంగా అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసింది ఎవరో కాదు, 1940లో ఒంటరిగా నిలబడిన హార్లన్ స్టోన్. మరుసటి సంవత్సరం డిసెంబరులో జపాన్ మూలాల పౌరులను తీరం నుంచి వెళ్లగొట్టడాన్ని కోర్టు 6–3తో సమర్థించింది. అది రాసింది హ్యూగో బ్లాక్. 1940లో బడిపిల్లలకు వ్యతిరేకంగా ఓటేసి 1943లోనూ మారని ఓవెన్ రాబర్ట్స్ ఈసారి పౌరుల పక్షం నిలిచాడు, జాక్సన్, మర్ఫీలతో కలిసి. లక్షా పదివేలకు పైగా జనం ముళ్లకంచెల వెనుక శిబిరాల్లో గడిపారు. ఆ సమాజంలోని బౌద్ధ పురోహితులనైతే పెర్ల్ హార్బర్ దాడి జరిగిన కొద్ది గంటల్లోనే, రోజుల్లోనే అరెస్టు చేయడం మొదలైంది. వాళ్ల మతమే అనుమానానికి ఆధారం.

వారం తేడాలో ఒకే కోర్టు రెండు ముఖాలు చూపడానికి కారణం ఏమిటి? సిద్ధాంతాల్లో వెతికితే సరైన జవాబు దొరకదు. మొదటి కేసులో ఎదుట ఉన్నది ఒక రాష్ట్ర విద్యా బోర్డు. దాన్ని కొట్టేస్తే యుద్ధానికి వచ్చిన నష్టం లేదు, అధ్యక్షుడి న్యాయశాఖకూ అభ్యంతరం లేదు. రెండో కేసులో ఎదుట ఉన్నది సైన్యం, దాని వెనుక అధ్యక్షుడు. సాక్షులంటే జనానికి చిరాకు, జపాన్ మూలాలంటే జనానికి భయం. చిరాకును ఎదిరించగలిగిన న్యాయమూర్తులు భయం ముందు తలవంచారు. 1943 జూన్ 14 తీర్పును పొగిడేవాళ్లు ఆ తర్వాతి సోమవారం సంగతి కూడా చెప్పి తీరాలి.

ఇతర మిత్రదేశాలేమీ మెరుగు కాదు. కెనడా 1940 జూలైలో, ఆస్ట్రేలియా 1941 జనవరిలో యెహోవా సాక్షుల సంస్థలనే నిషేధించాయి. ఆ నిషేధంపై ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు తీర్పు కూడా 1943 జూన్ 14నే వచ్చింది. కాకతాళీయమే, కానీ దారి వేరు. అక్కడి న్యాయమూర్తులు మత స్వేచ్ఛ వాదనను తోసిపుచ్చారు. దేశం మనుగడకే ముప్పు తెచ్చే ప్రవర్తనకు మతం రక్షణ ఇవ్వదన్నారు. అయితే నిషేధ నిబంధనలు రక్షణ అధికారాల పరిధి దాటాయంటూ కొట్టేశారు. హక్కు ఓడింది, అధికారానికి గీసిన గీత గెలిచింది. భారత్ కథలోకి వచ్చేసరికి ఈ తేడా పనికొస్తుంది.

భారత్‌కు యుద్ధకాల ఐక్యత అనుభవం 1962లో చైనాతో వచ్చింది. మన బడుల్లో చెప్పే ప్రతిజ్ఞ ఆ ఏడాది పుట్టిందే. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ దాన్ని తెలుగులో రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చింది. కోట్లమంది పిల్లలు చెప్పిన ఆ మాటల కింద రచయిత పేరు దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో పడలేదన్నది వేరే బాధ. ఆ ప్రతిజ్ఞలో జెండా లేదు, దేవుడు లేడు. ఉన్నది దేశం, ప్రజలు, పెద్దల పట్ల మర్యాద. అమెరికావాళ్లు ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో, 1954లో, తమ ప్రతిజ్ఞలోకి దేవుణ్ని చట్టం చేసి మరీ చేర్చుకున్నారు. ఈ విషయంలో ట్రెజరీ అధికారి కలమే నిగ్రహం చూపింది. ఆ 1962లోనే చైనా మూలాలున్న సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించిన సంగతి మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు.

యెహోవా సాక్షుల కేసు మన సుప్రీంకోర్టుకు వచ్చింది 1985లో. కేరళలోని కొట్టాయం జిల్లా కిడంగూర్‌లో ముగ్గురు తోబుట్టువులు రోజూ జనగణమన పాడే సమయంలో లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఒక శాసనసభ్యుడి కంట పడి, విషయం శాసనసభలో చర్చకు వచ్చింది. విచారణ జరిపితే పిల్లలు బుద్ధిమంతులని, గీతాన్ని ఎన్నడూ అగౌరవపరచలేదని తేలింది. అయినా విద్యాశాఖ ఆదేశంతో ప్రధానోపాధ్యాయురాలు 1985 జూలైలో వాళ్లను బడి నుంచి తీసేశారు. కేరళ హైకోర్టు జనగణమనలోని ఒక్కో మాటను పరిశీలించి, ఏ మతాన్నీ నొప్పించేది అందులో ఏదీ లేదని తేల్చి పిటిషన్ కొట్టేసింది. ఇందిరాగాంధీ హత్య జరిగి ఏడాది కాలేదు, పంజాబ్ మండుతోంది. దేశ సమగ్రత అన్న మాట ఎవరి నోట విన్నా బరువుగానే ఉన్న రోజులవి.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అనంతపురం జిల్లా మనిషి, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి. హైకోర్టు మాటలన్నీ వెతికింది గానీ ప్రశ్న అది కాదన్నారు ఆయన. పిల్లలు గీతంలోని మాటలకు అభ్యంతరం చెప్పలేదు. పాడటానికే వాళ్ల విశ్వాసం ఒప్పుకోదు. ఆ విశ్వాసం మన హేతువుకు నచ్చుతుందా లేదా అన్నది అప్రస్తుతం, అది నిజాయితీగా పట్టుకున్నదా కాదా అన్నదే చూడాలి. లేచి నిలబడటంతోనే గౌరవం చూపించినట్టు. పాడకపోవడం అగౌరవం కాదు. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం పాడేవాళ్లను అడ్డుకోవడాన్ని, ఆ సభను చెడగొట్టడాన్ని నేరమంది తప్ప పాడకపోవడాన్ని కాదు. అమెరికా తీర్పులు రెండింటినీ, ఆస్ట్రేలియా తీర్పునూ ఆయన చర్చించారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు అన్న మాటలతో తీర్పు ముగిసింది.

ఎక్కువగా ఉటంకించేది ఆ ముగింపునే. న్యాయపరంగా బరువు మోసింది మాత్రం మధ్యలో ఉన్న పొడి వాక్యాలు. పాడి తీరాలని ఏ చట్టమూ లేదు, ఉన్నవి విద్యాశాఖ సర్క్యులర్లు. వాటికి చట్టబలం లేదు. 19వ అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యాన్నీ 25వ అధికరణం ఇచ్చిన మత స్వేచ్ఛనూ చట్టం లేకుండా కుదించలేరు. అమెరికా కోర్టు వాక్కును, ఆస్ట్రేలియా కోర్టు అధికార పరిధిని పట్టుకుంటే, చిన్నపరెడ్డి వాక్కునూ విశ్వాసాన్నీ పట్టుకుని, కింద ‘చట్టం ఏది?’ అన్న మూడో ఊత కూడా పెట్టారు.

ఆ మూడో ఊత విలువ యుద్ధం వస్తే తెలుస్తుంది. అమెరికా రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యాన్ని యుద్ధం పేరిట పక్కన పెట్టే నిబంధన లేదు. మన రాజ్యాంగంలో ఉంది. యుద్ధం లేదా విదేశీ దురాక్రమణ కారణంగా అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే, 358వ అధికరణం ప్రకారం 19వ అధికరణం కల్పించే రక్షణ దానంతటదే నిలిచిపోతుంది. 359 కింద రాష్ట్రపతి ఉత్తర్వు ఇస్తే, 25వ అధికరణం కోసం కూడా కోర్టుకు వెళ్లే దారి మూయవచ్చు. 1978 నాటి 44వ సవరణ తర్వాత అలా ముట్టుకోరానివి 20, 21 అధికరణాలు మాత్రమే. అంటే కిడంగూర్ తీర్పుకు ఉన్న రెండు ప్రధాన స్తంభాలు, శాంతికాలంలో ఎంత గట్టివైనా, యుద్ధకాలంలో తీసి పక్కన పెట్టగలిగినవే. ఈ తీర్పు వచ్చాక 1999లో కార్గిల్ యుద్ధం జరిగింది గానీ, అప్పుడు అత్యవసర పరిస్థితి ప్రకటించలేదు.

ప్రకటించినా మిగిలేది మాత్రం ఉంది. 1962లో మొదలైన అత్యవసర పరిస్థితి అమల్లో ఉండగానే, 1967లో మధ్యప్రదేశ్ ప్రభుత్వానికీ ఠాకూర్ భరత్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. అత్యవసర పరిస్థితి చట్టానికి వెసులుబాటు ఇస్తుంది గానీ, చట్టమే లేకుండా అధికారులు జారీ చేసే ఆజ్ఞలకు ప్రాణం పోయదన్నది దాని సారం. 44వ సవరణ ఇంకో అడుగు వేసింది. 358 రక్షణ కావాలంటే ఆ చట్టం తనకు అత్యవసర పరిస్థితితో సంబంధం ఉందని తనలోనే చెప్పుకోవాలి. కాబట్టి యుద్ధకాలంలోనైనా సరే, బడిలో పాడని పిల్లను పంపేయాలంటే విద్యాశాఖ సర్క్యులర్ చాలదు. చట్టసభ కూర్చుని, చర్చించి, ఆ పిల్ల మౌనానికీ యుద్ధానికీ ఉన్న సంబంధం ఏమిటో చట్టంలో రాసి, ఓటేయాలి.